కెపాసిటర్‌కి తలా తోకా ఉంటాయా?

2008లో మా సంఘం నెలవారీ సమావేశంలో నేనొక ప్రసంగం చేశాను. విషయం: చదువుకున్నవాళ్ల మూఢనమ్మకాలు. తాయెత్తులూ వాస్తూ గురించి మా మిత్రులు అప్పటికే చాలాసార్లు మాట్లాడారు. నేను కొత్తగా ఏదైనా చెప్పాలని, నాకు కాలేజీ రోజుల నుంచీ ఇష్టమైన రేడియోలు, యాంప్లిఫయర్ల లోకంలోంచి మూడు ఉదాహరణలు తీసుకున్నాను.

మొదటిది అప్పటికి కొత్త వార్త. 2007లో జేమ్స్ రాండీ, పియర్ కేబుల్ అనే కంపెనీ 7,250 డాలర్లకి అమ్ముతున్న ఒక జత స్పీకరు తీగల మీద తన పది లక్షల డాలర్ల సవాలు విసిరాడు. మామూలు మంచి తీగకీ దీనికీ తేడాని కళ్లు మూసుకుని చెవితో పట్టుకుంటే బహుమతి మీదే అన్నాడు. ఆ పరీక్ష చివరికి జరగనేలేదు. 1963లో శ్రీలంకలో అబ్రహాం కోవూర్ పెట్టిన లక్ష రూపాయల సవాలు, తరవాత మన ప్రేమానంద్ గారు కొనసాగించిన సవాలు తెలిసినవాళ్లకి ఈ కథ కొత్తేమీ కాదు. రెండో ఉదాహరణ, బాణం గుర్తు వేసి అమ్మే ఆడియో తీగలు. బాణం ఎటుంటే సంగీతం అటే పారాలట.

మూడో ఉదాహరణ మా ఊరిదే. "మాకు తెలిసిన ఒక రేడియో మెకానిక్ ఉన్నాడు, కెపాసిటర్‌కి తలా తోకా చూసి గానీ బిగించడు. ధ్రువాలు లేని కెపాసిటర్‌కి తలేమిటి, తోకేమిటి? ఇది ఉత్తరం వైపు తలపెట్టి పడుకోకూడదు అన్నట్టే ఉంది" అన్నాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ మెకానిక్ చివరి వరసలో కూచుని ఉన్నాడు. రమ్మని పిలిచింది నేనే. నా ప్రసంగం వినాలని ముచ్చటపడ్డాడు కదా అని పిలిచాను గానీ, మూడో ఉదాహరణ ఆయనదేనన్న సంగతి, నమ్మండి, నోట్లోంచి మాట వచ్చేదాకా నాకు తట్టలేదు. ఆయన టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. పదమూడేళ్ల తరవాత ఆ ప్రసంగంలో రెండు ముక్కలు ఒప్పు, ఒక ముక్క తప్పు అని తేలింది. ఆ తప్పు సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆయన గురించి చెప్పాలి. మేమందరం ఆయన్ని రేడియో మాస్టారు అనేవాళ్లం. నేను బీకాం అయ్యాక 1981లో రక్షణ లెక్కల శాఖలో ఆడిటరుగా చేరి సికింద్రాబాదు వచ్చినప్పుడు, నాతోపాటు మా నాన్న వాల్వు రేడియో కూడా వచ్చింది. అది దారిలోనే మూగపోయింది. ఎవరో ఒక గల్లీ పేరు చెప్పారు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలే దుకాణం. పైన బల్లల మీద పెట్టెలు విప్పిన రేడియోలు, గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ. మాస్టారు రేడియోని బోర్లించి, అరగంటలో మాట్లాడించి, మూడు రూపాయలు తీసుకున్నాడు.

అప్పటినుంచి ఆదివారాలు నేనక్కడే. టంకం వెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "టంకాన్ని కడ్డీ మీద కరిగించి పుయ్యకు, అతుకుని వేడెక్కించు, అదే తాగుతుంది" అనేవాడు. వాల్వు సెట్టు స్విచ్చి కట్టేసినా కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుందనీ, ఒక రెసిస్టరు పెట్టి దాన్ని దింపేసి, మీటరుతో చూసుకుని గానీ వేలు పెట్టకూడదనీ, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచెయ్యాలనీ ఆయనే చెప్పాడు. ఈ వయసుదాకా ఉన్నానంటే అందులో ఆ మాటల వాటా కొంత ఉంది.

ఏమాటకామాటే, ఆయనకి పట్టింపులు కూడా బోలెడు. మంగళవారం కొత్త సెట్టు ఆన్ చెయ్యడు. కొత్త యాంప్లిఫయరు మండలం రోజులు, అంటే నలభై రోజులు, మోగితే గానీ తీగలు "పండవు" అంటాడు. వాటితోపాటే ఈ తలా తోకా. పాత కాగితపు కెపాసిటర్ల మీద ఒక కొసన గీత ఉండేది. ఆ గీత వైపు తీగని ఎప్పుడూ ఛాసిస్ వైపుకే కలిపేవాడు. తరవాత గీత లేని ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్లు వచ్చాయి. అప్పుడాయన కెపాసిటర్‌ని ఒక యాంప్లిఫయరు ముందు తగిలించి, దాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఓ పక్కకి వంచి ఒక క్షణం ఆగేవాడు. తీగలు మార్చి మళ్లీ పట్టుకునేవాడు. "ఇదీ తల" అని పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. చూడ్డానికి మంత్రం వేసినట్టే ఉండేది. ముప్పయ్యేళ్లపాటు నేను దాన్ని మంత్రమనే అనుకున్నాను.

సరే, అసలు విషయానికి వద్దాం. కెపాసిటర్ అంటే మన ఇళ్లలో ఫ్యాన్ కండెన్సర్ అంటామే, అదే జాతి. రెండు లోహపు రేకులు, మధ్య కరెంటు పారని పొర. దాన్ని చుట్ట చుట్టి డబ్బాలో పెడతారు. ఫ్యాన్ కండెన్సర్ తీగలు ఎటు మార్చి కలిపినా ఫ్యాను అలాగే తిరుగుతుంది. కానీ అన్ని కెపాసిటర్లూ ఇలా ఉండవు.

ఎలక్ట్రొలిటిక్ అనే రకం ఉంది. అందులో మధ్యపొర అంటే కాగితమో ప్లాస్టిక్కో కాదు, అల్యూమినియం రేకు మీద విద్యుత్తుతో పెంచిన ఆక్సైడు. మందం మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. అంత పల్చన కాబట్టే చిన్న డబ్బాలో వేల మైక్రోఫారడ్లు పడతాయి. కానీ ఆ పొర ఒక దిశలో వోల్టేజి ఉన్నంతసేపే నిలుస్తుంది. ఎదురు వోల్టేజి పెడితే పొర చెడి, కరెంటు పారి, లోపలి ద్రావణం వేడెక్కి, వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుంది. డబ్బా నెత్తిమీద గీతలు గీసి ఉంటాయి చూడండి, పగిలితే అక్కడే పగలాలని. చూసి బిగించడానికి పక్కన రుణగుర్తుల పట్టీ కూడా ఉంటుంది.

ఇంత తెలిసినవాణ్ణి, రిటైరయిన ఏడాది 2019లో, కళ్లజోడు పెట్టుకోకుండా ఒక 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని తిరగేసి బిగించాను. స్విచ్చి వేసిన కాసేపటికి ఢామ్మంది. గదంతా చేపల వాసన, కాగితం పీచు. ముఖం పక్కకి ఉండబట్టి సరిపోయింది. సీలింగు మీద గోధుమరంగు మచ్చ ఇప్పటికీ ఉంది. మా ఆవిడ వచ్చిన వాళ్లందరికీ చూపిస్తుంది.

నాది లెక్కల చదువు కాబట్టి ఇలా చెప్తాను. డెబిట్ ఎడమపక్క, క్రెడిట్ కుడిపక్క రాయడం మనం పెట్టుకున్న మర్యాద. అందరం కలిసి మార్చి రాసుకున్నా రూపాయికి ఏమీ కాదు. ఎలక్ట్రొలిటిక్‌లో ధన రుణాలు అలాంటివి కావు. అక్కడ దిశ పదార్థంలోనే ఉంది. సీలింగు మచ్చే దానికి వోచరు.

ఇప్పుడు రెండో కొసకి, అంటే బాణం తీగలకి వెళ్దాం. మా బావమరిది విదేశంలో ఉంటాడు. తెలివైనవాడు, ఇంజనీరు. 2016లో వచ్చినప్పుడు ఒక జత సిగ్నల్ తీగలు తెచ్చాడు. మన డబ్బులో దాదాపు 40,000 రూపాయలు. మీటరు పొడవు. బాణం ఉంది. "బావా, నీ యాంప్లిఫయరుకి పెట్టి విను, తెర తీసేసినట్టు ఉంటుంది" అన్నాడు. పెట్టాం, విన్నాం. ఒక నిజం ఒప్పుకోవాలి. నాకూ తెర తీసేసినట్టే వినిపించింది. వీణ తంతి మీద గోరు తగిలే చప్పుడు అంతకుముందు వినలేదనిపించింది. ఖరీదు తెలుసు, తెచ్చినవాడు ఆత్మీయుడు, చెవి ఎదురుచూస్తోంది. హేతువాదినన్నది చెవికి తెలియదు కదా.

బుద్ధికి మాత్రం అనుమానం. సంగీతపు సిగ్నలు ఏకదిశలో పారేది కాదు. 1000 హెర్ట్జ్ స్వరంలో కరెంటు సెకనుకి 2000 సార్లు దిశ మారుస్తుంది. బాణం వైపు ఎంతసేపు వెళ్తుందో ఎదురువైపూ అంతసేపే. అయితే ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది, న్యాయంగా చెప్పాలి. కొన్ని తీగల్లో సిగ్నలు తీగలు రెండు లోపలుండి, పైన అల్లిన జల్లెడ కవచాన్ని ఒక కొసనే కలుపుతారు. ఆ కొస ఏదో తెలియడానికి బాణం వేస్తారు. అలాంటిచోట బాణం తయారీ వివరం. రాగి కణాలు ఇటు తిరిగి ఉన్నాయి కాబట్టి సంగీతం ఇటే పారాలి అనడం వేరు.

బావమరిదిని పరీక్షకి ఒప్పించాను. పద్ధతి కొత్తది కాదు. ఏది ఏదో తెలియకుండా వినిపించి పోల్చే ఏబీఎక్స్ పరికరం గురించి డేవిడ్ క్లార్క్ 1982లోనే ఆడియో ఇంజనీర్ల పత్రికలో రాశాడు. మా దగ్గర ఆ పరికరం లేదు గానీ దుప్పటి ఉంది. సామాను దుప్పటి వెనక. మా అమ్మాయి లోపల రూపాయి ఎగరేసి, బొమ్మయితే బాణం తీగ, బొరుసయితే కోఠీ గుజరాతీ గల్లీలో నేను కొన్న 150 రూపాయల తీగ కలపాలి. రెండిటి ధ్వని ఒకే స్థాయిలో ఉందని మీటరుతో ముందే చూసుకున్నాం. ఎందుకంటే రవ్వంత బిగ్గరగా ఉన్నదాన్ని చెవి "బాగుంది" అంటుంది గానీ "బిగ్గరగా ఉంది" అనదు. బావమరిది జవాబు చెప్పాలి, మా ఆవిడ రాసుకోవాలి. ఆ ఇద్దరికీ ఏ తీగో తెలియదు. 16 సార్లు. 12 గానీ అంతకు మించి గానీ సరిగ్గా చెప్తే నేను ఓడిపోయినట్టు. గుడ్డిగా చెప్తే అన్ని సరిపడటం నూటికి సుమారు 4 సార్లే జరుగుతుంది. ఈ షరతు ముందే కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఫలితం వచ్చాక షరతు రాసుకునేవాణ్ణి నా సర్వీసులో చాలామందిని చూశాను.

16కి 9 వచ్చాయి. గుడ్డిగా చెప్పినా 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడం నూటికి 40 సార్లు జరిగేదే. బావమరిది ముఖం చిన్నబోయింది. "పరీక్ష అంటే ఒత్తిడి కదా బావా" అన్నాడు. ఆ మాటని నేను కొట్టిపారెయ్యలేదు. ఒక్కడు ఒక్క సాయంత్రం పట్టుకోలేకపోతే ప్రపంచంలో ఎవరూ పట్టుకోలేరని రుజువు కాదు. కానీ "తెర తీసేసినంత" తేడా ఉంటే ఒత్తిడిలో కూడా మాయం కాదు. తేడా ఉంటే అది చాలా సన్ననిదని ఒప్పుకోవాలి. 40,000 రూపాయలు సన్ననివి కావు.

స్పీకరు తీగల లెక్క ఇంకా సులువు. గదిలో 5 మీటర్ల దూరానికి, పోను రాను 10 మీటర్ల రాగి. ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగయితే దాని నిరోధం సుమారు 0.07 ఓమ్. స్పీకరు 8 ఓమ్‌లు. నష్టం డెసిబెల్‌లో పదో వంతు కూడా లేదు. ఇది పదో తరగతి భౌతికశాస్త్రం.

ఇంతవరకూ నా ప్రసంగం నిలబడింది. ఇక మూడో ఉదాహరణ.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఇంట్లో ఖాళీ. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేవారు. నా అల్మారాలో అలాంటి పాత వాల్వులు కొన్ని ఉన్నాయి. ఈసీసీ83 అనే వాల్వుతో ఒక ప్రీయాంప్లిఫయరు కట్టడం మొదలుపెట్టాను. కట్టాను. పాడింది. పాటతోపాటు "హుమ్మ్" అని తుమ్మెద కూడా పాడింది.

ఈ హమ్ అనేది మన 50 హెర్ట్జ్ కరెంటు చేసే పని. దాన్ని వెతకడం ఆడిట్ లాంటిదే. ఎక్కణ్ణించి వస్తోందో పద్దు పద్దుగా చూడాలి. వాల్వు హీటర్లకి 6.3 వోల్టుల ఏసీ తీసుకెళ్లే రెండు తీగల్ని విడివిడిగా వేశాను. రెండిటినీ జడలా పెనవేసి, ఛాసిస్ మూలకి అణిచి వేస్తే కొంత తగ్గింది. పోయే కరెంటూ వచ్చే కరెంటూ పక్కపక్కనే ఉంటే వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సిగ్నలు తీగ హీటరు తీగతో సమాంతరంగా పోతోంది. అడ్డంగా దాటించాను. తరవాత గ్రౌండు. రెక్టిఫయరు నుంచి మొదటి ఫిల్టరు కెపాసిటర్‌కి కరెంటు నిలకడగా పారదు. సెకనుకి 100 సార్లు గుక్కలుగుక్కలుగా పారుతుంది. ఆ గుక్కలు పారే తీగముక్క మీదే నేను సిగ్నలు గ్రౌండుని కూడా తగిలించాను. మురుగు కాలవలోంచి మంచినీళ్ల గొట్టం వేసినట్టు. దాన్ని విడదీసి, గ్రౌండు తీగలన్నిటినీ ఫిల్టరు దాటాక ఒక్కచోటికి తెచ్చాను. ఇంకా తగ్గింది.

ఇక్కడ నేను చేసిన ఒక వెధవ పని కూడా చెప్పాలి. ప్రీయాంప్లిఫయరుని కంప్యూటరుకి కలిపితే హమ్ మళ్లీ లేచింది. రెండు వేరు వేరు ప్లగ్గుల ఎర్తులు, మధ్యలో సిగ్నలు తీగ కవచం, మొత్తం ఒక పెద్ద చుట్టు. ఎవరో చెప్పిన చిట్కా ప్రకారం ప్లగ్గులో ఎర్తు తీగ పీకేశాను. హమ్ మాయం! వారం రోజులు మహా సంతోషం. ఒకరోజు తడిచేత్తో పెట్టె ముట్టుకుంటే జివ్వుమంది. టెస్టరు పెడితే వెలిగింది. ట్రాన్స్‌ఫార్మరు లోపలినుంచి కారే కొద్దిపాటి కరెంటుకి పోవడానికి దారి లేక, పెట్టె మీద నా చేతికోసం కాచుకుని ఉంది. ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషను పాడయిన రోజున ఆ పెట్టె ప్రాణం తీస్తుంది. అదే గదిలో మా మనవడు పాకుతుండేవాడు. ఆ సాయంత్రమే ఎర్తు తిరిగి కలిపి, రెండు సామాన్లనీ ఒకే ప్లగ్ బోర్డుకి పెట్టి, మధ్య తీగని పొట్టి చేశాను. హమ్ దాదాపు పోయింది. బాణం తీగ కొన్నవాడికి డబ్బే పోతుంది. ఎర్తు పీకినవాడి ఇంట్లో మనిషే పోవచ్చు. "చేశాను, పనిచేసింది" అన్న ఒక్క మాట సాక్ష్యం కాదని నాకు నేనే నేర్పుకున్న పాఠం అది.

ఇన్ని చేశాక కూడా స్పీకరు కొసల దగ్గర మల్టీమీటరు 14 మిల్లీవోల్టుల హమ్ చూపిస్తోంది. నిశ్శబ్దంలో చెవికి అందేటంత. ఇంకేం చూడాలో తోచక, అల్మారా సర్దుతుంటే ఒక చచ్చిన కాగితపు కెపాసిటర్ దొరికింది, మాస్టారి దుకాణం నాటిది, కొసన గీత ఉన్నది. ఊరికే ఉండలేక న్యూస్‌పేపరు పరిచి దాన్ని విప్పాను. పాపిడాల చుట్టలా విడివడింది. రెండు రేకులు, మధ్య మైనపు కాగితం. చుట్ట కాబట్టి ఒక రేకు అన్నిటికన్నా బయట ఉంటుంది, రెండోది దాని లోపల దాక్కుంటుంది. గీత ఉన్న కొస తీగ సరిగ్గా బయటి రేకుకే అతికి ఉంది.

అప్పుడు అర్థమయింది. ధన రుణాల సంగతి కాదది. కెపాసిటర్‌కి ధ్రువాలు లేకపోయినా లోపలా బయటా ఉన్నాయి. బయటి రేకు చుట్టుపక్కల ఉన్న 50 హెర్ట్జ్‌ని యాంటెన్నాలా పడుతుంది. పట్టిన కరెంటు గ్రౌండుకి పోయే దారి సులువుగా ఉన్న వైపు ఆ రేకు ఉంటే, కరెంటు జారిపోతుంది, బయటి రేకు లోపలిదానికి గొడుగు కూడా అవుతుంది. దారి కష్టంగా ఉన్న వైపు ఉంటే అదే కరెంటు పెద్ద వోల్టేజి అవుతుంది. ఓమ్ నియమమే, ఇంకేమీ లేదు.

నా సర్క్యూట్లో లెక్కేశాను. మొదటి వాల్వుకీ రెండో వాల్వుకీ మధ్య 0.022 మైక్రోఫారడ్ల కెపాసిటర్. వాల్వు ప్లేటు వైపు నిరోధం సుమారు 40 వేల ఓమ్‌లు. రెండో వైపు గ్రిడ్డు. అక్కడ 10 లక్షల ఓమ్‌ల రెసిస్టరు. అక్కణ్ణించి ప్లేటు దాకా పోవాలంటే 50 హెర్ట్జ్ దగ్గర ఈ కెపాసిటరే అడ్డంగా లక్షా 45 వేల ఓమ్‌లు పెడుతుంది. అంటే బయటి రేకు గ్రిడ్డు వైపు ఉంటే అది పట్టే హమ్ మూడింతలకి పైగా ఉండాలి.

ఆ కెపాసిటర్‌ని ఊడదీసి, క్లిప్పులు పెట్టి, పెట్టెలో అదే స్థానంలో ఉండేలా తీగలు మాత్రం మార్చాను. 5 మిల్లీవోల్టులు. మళ్లీ మార్చాను. 14. మళ్లీ 5. ఆరుసార్లు చేశాను. మా ఆవిడని పిలిచి, ఎటు పెట్టానో చెప్పకుండా మీటరు చదవమన్నాను. అవే అంకెలు. అయినా తృప్తి లేక ఇంకో పరీక్ష పెట్టాను. అదే చోట 0.47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 7 వేల ఓమ్‌లే. రెండు వైపులూ దాదాపు ఒకటే అయిపోతాయి కాబట్టి లెక్కప్రకారం తలా తోకా తేడా ఉండకూడదు. పెట్టి చూశాను. లేదు. తేడా ఉండాలన్నచోట ఉండి, ఉండకూడదన్నచోట లేకపోయేసరికి నాకిక అనుమానం మిగల్లేదు.

ఇది స్వరంలో "మాధుర్యం" పెంచదు, "గాలి" తీసుకురాదు. చిన్న విలువ కెపాసిటర్ పెద్ద నిరోధాల మధ్య ఉన్నప్పుడు హమ్ తగ్గుతుంది, అంతే. ట్రాన్సిస్టర్ల తక్కువ నిరోధపు సర్క్యూట్లలో చాలామటుకు కనపడనే కనపడదు. అంతవరకే నిజం. కానీ అంతవరకూ నిజం.

2021లో, రెండో టీకా అయ్యాక, మాస్టారు మల్కాజిగిరిలో కొడుకు దగ్గర ఉన్నాడని తెలిసి వెళ్లాను. దుకాణం ఎప్పుడో తీసేశారు. డెబ్భై అయిదు దాటాయి, చేతులు వణుకుతున్నాయి.

"మాస్టారూ, మీ తలా తోకా మాట నిజమే. నేను కొలిచి చూశాను" అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూసి, "ఆ రోజు మీ మీటింగులో టీ బాగుందయ్యా" అన్నాడు.

మర్చిపోలేదన్నమాట. నేను తలెత్తలేకపోయాను. "అప్పుడే లేచి చెప్పాల్సింది మాస్టారూ" అన్నాను.

"నువ్వు మైకు ముందున్నావు, నేను కుర్చీలో ఉన్నాను. ఎలా చెప్తాను?" అన్నాడు. కాసేపాగి, "దుకాణానికి వచ్చి అడిగితే చూపించేవాణ్ణి. ముప్పయ్యేళ్లు వచ్చావు. అది ఎందుకు చేస్తున్నారు మాస్టారూ అని ఒక్కనాడు అడిగావా?"

అడగలేదు. నిజంగానే అడగలేదు.

మనవడి దగ్గరున్న చిన్న యాంప్లిఫయరు తెప్పించి, నా జేబులో ఉన్న కెపాసిటర్‌ని దాని ముందు తగిలించి, వేళ్లతో పట్టుకున్నాడు. స్పీకరు గుర్రుమంది. తీగలు మార్చి పట్టుకున్నాడు. గురక దాదాపు పోయింది. వేళ్ల ద్వారా మన ఒంట్లోని హమ్ బయటి రేకులోకి పోతుంది. బయటి రేకు గ్రౌండు వైపు ఉంటే స్పీకరు ఊరుకుంటుంది. కళ్లు మూసుకోవడం, తల వంచడం మంత్రం కాదు, వినడం. ఓసిలోస్కోపు ఉన్నవాళ్లు తెరమీద చూసే పరీక్షని ఆయన చెవితో చేసేవాడు.

"మరి మంగళవారం సంగతి?" అన్నాను.

"మంగళవారం కొత్త సెట్టు ఆన్ చెయ్యను. దానికి నీ మీటరు పెట్టకు" అని నవ్వాడు.

తీగలు నలభై రోజులకి పండడం గురించి మాత్రం ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఏళ్ల తరబడి మూల పడి ఉన్న ఎలక్ట్రొలిటిక్‌లో పొర మెల్లగా కోలుకుంటుంది, అది నిజం. రాగితీగ పండదు, పండేది విన్నవాడి చెవి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. కెపాసిటర్ విషయంలో ఆయన ఒప్పయితే తీగల విషయంలోనూ ఒప్పయిపోడు కదా.

నా తప్పు ఎక్కడ జరిగిందో తరవాత ఆలోచించాను. ఆడిటులో ఒక కట్టలో నాలుగు వోచర్లుంటే, మూడు దొంగవని తేలినా నాలుగోది చూడకుండా కొట్టేసే అధికారం మనకి లేదు. నిమ్మకాయ చూశాను, మంగళవారం చూశాను, నలభై రోజులు విన్నాను. నాలుగోదాన్ని చూడకుండానే ఎర్రసిరా పెట్టాను. బాణం తీగని పరీక్షించడానికి దుప్పటి కట్టి, కాగితం రాసి, సంతకాలు పెట్టినవాణ్ణి, నా గురువు మాటకి వచ్చేసరికి ఒక నిమిషం పరీక్ష కూడా పెట్టలేదు. ఖరీదైన సూటు వేసుకున్న అబద్ధాన్ని గౌరవంగా పరీక్షించాను. గల్లీలో బనీను వేసుకున్న నిజాన్ని చూసి నవ్వాను. ఇది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2022లో అదే హాల్లో అదే ప్రసంగం మళ్లీ చేశాను. మొదటి రెండు ఉదాహరణలూ అలాగే ఉంచాను. మూడో దాని దగ్గర ఆగి, ఇక్కడ నేను తప్పు చెప్పాను అని, మాస్టారి కెపాసిటర్ పరీక్ష అందరి ముందూ చేసి చూపించాను. ఆయన రాలేకపోయాడు. కొడుకు వచ్చి చివరి వరసలో కూచున్నాడు.

లెక్కల పుస్తకంలో తప్పు పద్దు పడితే గీకెయ్యకూడదు, తెల్లసిరా పుయ్యకూడదు. తప్పుని తప్పుగానే ఉండనిచ్చి, కింద తేదీ వేసి సవరణ పద్దు రాయాలి. 2008 నాటి పద్దుకి ఇది సవరణ.